త్రస్టర్ వైరు లోపలి నుంచి నీళ్లు వస్తుంటే: నా అనుభవం

మనిషి కూర్చునే సబ్‌మెరైన్‌కి ముందు నమూనాగా చేసిన చిన్న గొట్టం ఇది. బయట ఉండే త్రస్టర్ (నీళ్లలో ముందుకు నెట్టే మోటారు) వైరు దీని లోపలికి వస్తుంది. బావిలో దింపి పైకి తీస్తే లోపల చెంచాడు నీళ్లు. నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగు, అదే ఓ-రింగ్, చూస్తే పొడిగానే ఉంది!

కొత్త ఓ-రింగులు, గ్రీజు, బయట సిలికాన్, కేబుల్ గ్లాండ్ (వైరు లోపలికి వచ్చే చోట దాన్ని చుట్టూ పట్టి ఉంచే భాగం) బిగింపు, ఏవీ పనిచేయలేదు.

చివరికి వైరు కోసి చూస్తే రాగి పోగుల మధ్య తడి. నీళ్లు మోటారు వైపు నుంచి పోగుల సందుల్లోంచి పాకి వస్తున్నాయి. గ్లాండ్ ఎంత బిగిస్తే ఏం లాభం?

ముందు గ్లాండ్ లోపల పడే భాగంలో పై తొడుగు తీసేశాను. మూడు వైర్లకూ ఒకే చోట కాకుండా కాస్త ఎడంగా, ఒక్కో సెంటీమీటరు ఇన్సులేషన్ ఒలిచి, పోగులన్నీ తడిసేలా టంకం పట్టించాను. అసలు అడ్డుకట్ట ఇదే. తర్వాత మిగిలిన తొడుగు అంచును గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వైర్లు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, ఎపాక్సీని సన్నధారగా పోశాను. తొందరగా గట్టిపడే రకం వద్దు, బుడగలు పైకి రావడానికి టైం ఉండదు. పూర్తిగా గట్టిపడ్డాక చేతిపంపుతో లోపలి గాలి కొంత లాగి పావుగంట ఉంచితే గేజీ ముల్లు కదల్లేదు.

పది మీటర్ల లోతుకి దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. నాది అంతవరకే పరీక్షించాను. పాలిథిలిన్ తొడుగుకి ఎపాక్సీ సరిగా అంటుకోదు, నాది పీవీసీ. మనిషి లోపల కూర్చునేదానికి మాత్రం ఇది వాడను, ఒత్తిడికి పరీక్షించి అమ్మే పెనెట్రేటర్లే (నీళ్లు రాకుండా వైరును గోడ దాటించే అమరికలు) కొంటాను.