రెండు ఇంజన్లూ ఆగిన విమానం: నెల్లూరులో కాక్‌పిట్ సీను నమ్మేలా తీయడం ఎలా

ముందు ఆపద ఏమిటో తేల్చుకోండి. సెట్టు, మాటలు, చప్పుళ్లు అన్నీ దాని మీదే నిలబడతాయి. చిన్న బడ్జెట్ షార్ట్‌ఫిల్మ్‌కి బాగా కుదిరేది రెండు ఇంజన్లూ ఆగిపోవడం. పొగ, మంట అక్కర్లేదు, చప్పుడు తగ్గితే చాలు.

కారణం మాత్రం ఎత్తుకు తగ్గట్టు ఉండాలి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన ఎయిర్‌బస్ ఎ320 విమానానికి పక్షులు తగిలింది సుమారు 2,800 అడుగుల దగ్గర. అక్కణ్నుంచి నీళ్లు తాకేదాకా మూడున్నర నిమిషాలే. 35,000 అడుగుల్లో పక్షుల గుంపు రాస్తే కథ అక్కడే పడిపోతుంది. పై ఎత్తులో అయితే ఇంధనం అయిపోయిందని పెట్టండి. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి కిలోలకూ పౌండ్లకూ లెక్క తప్పి ఇంధనం చాల్లేదు. 41,000 అడుగుల దగ్గర మొదలైన ఆపద గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దిగడంతో ముగిసింది. 2001 ఆగస్టు 24న అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయిన ఎయిర్ ట్రాన్సాట్ ఎ330 దాదాపు 19 నిమిషాలు ఇంజన్లు లేకుండానే వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు. ఈ రెండింటిలోనూ ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. మీరూ అలాగే రాయండి. ఒక ఇంజన్ మిగిలి ఉన్న ఆ కాసేపట్లోనే పాత్రలకి ఆశ ఉంటుంది, కథకి ఊపిరి అందుతుంది.

ఇక మ్యాపు. మన కథలో విమానం నెల్లూరు మీద ఎగిరే ఎ320 అనుకుందాం. ఎ320 ఇంజన్లు లేకుండా ఒక అడుగు కిందికి దిగేలోపు సుమారు 17 అడుగులు ముందుకు పోతుంది. అంటే గాలి ఎదురు లేకపోతే 35,000 అడుగుల నుంచి 180 కిలోమీటర్ల దాకా. నెల్లూరు నుంచి రేణిగుంట నేరుగా 100 కిలోమీటర్లు, చెన్నై 160. కాగితం మీద రెండూ అందుతాయి. కానీ విమానాన్ని తిప్పాలి, రన్‌వేకి ఎదురుగా తేవాలి, కొంత ఎత్తు చేతిలో మిగలాలి. ఆ లెక్కన చెన్నై అందదు, రేణిగుంట అందుతుంది. అయితే రేణిగుంట పక్కన కొండలున్నాయి, చెన్నై తీరం వెంట నేల చదును. కెప్టెన్‌కీ ఫస్ట్ ఆఫీసర్‌కీ మధ్య పేచీ ఇక్కడ పెట్టండి. విలన్ అక్కర్లేదు.

మన వైపు చాలామందికి హైవే మీద దించాలనిపిస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి 16 మీద ఎయిర్‌ఫోర్స్ కోసం కట్టిన అత్యవసర రన్‌వే ఉంది, 2022 డిసెంబరు 29న యుద్ధ విమానాలతో ట్రయల్ కూడా చేశారు. పొడవు 4.1 కిలోమీటర్లు, సరిపోతుంది. వెడల్పు 33 మీటర్లే, ఎ320 రెక్కలు 34 మీటర్ల పైనే. పైగా లారీలూ బస్సులూ ముందే ఆపి ఉండాలి. నెల్లూరు మీద ఇంజన్లు ఆగిన విమానాన్ని అక్కడికి తీసుకెళ్లకండి.

కాక్‌పిట్‌లో పని వరుస ఇది: మొదట ఎగరడం, తర్వాత దారి, ఆ తర్వాతే మాట. కెప్టెన్ ఎడమ సీట్లో ఉంటాడు. "ఐ హావ్ కంట్రోల్" అంటాడు, పక్కవాడు "యు హావ్ కంట్రోల్" అని తిరిగి చెప్పాలి. వేగం పోకుండా ముక్కు కిందికి వంచుతాడు. ఎ320లో స్టీరింగ్ లాంటి యోక్ ఉండదు, కెప్టెన్ ఎడమ చేతికి సైడ్‌స్టిక్ అనే చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది. ఫస్ట్ ఆఫీసర్ చెక్‌లిస్ట్ తెరిచి ఒక్కో లైను చదువుతాడు. రేడియోలో "మేడే" మూడుసార్లు, కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నాం, లోపల ఎంతమంది. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి విమానం గుర్తు పంపే పరికరం) 7700, అది ఆపద కోడ్. 7500 హైజాక్ కోడ్, పొరపాటున అది కనపడనివ్వకండి. తర్వాత క్యాబిన్ క్రూ హెడ్‌కి నాలుగే ముక్కలు: ఏమైంది, ఏం చేస్తున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా ఏం చేయాలి. ఆమె ఆ నాలుగూ తిరిగి చెప్పాలి. ఇద్దరూ తెలుగువాళ్లయినా ఈ మాటలన్నీ ఇంగ్లిషులోనే నడుస్తాయి. తెలుగు మాట ఒక్కటి, సరైన చోట, నోరు జారినట్టు పెట్టండి. అరుపులు వద్దు. వరుసగా పని చేసే చేతుల్లోనే భయం ఎక్కువ కనపడుతుంది.

ఆక్సిజన్ మాస్కులు వెంటనే రాలిపడవు. ఇంజన్లు ఆగాక లోపలి గాలి మెల్లగా తగ్గుతుంది. లోపలి గాలి ఒత్తిడి బయట 14,000 అడుగుల ఎత్తులో ఉండేంతకి పడినప్పుడే అవి దిగుతాయి.

సెట్టుకి 8×4 అడుగుల 19 ఎంఎం ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన బిగించి వేదిక చేయండి. కింద సగం గాలి కొట్టిన కారు ట్యూబులు నాలుగు పెట్టి, రెండు వైపులా సర్వి కర్రలు దూర్చి ఇద్దరు మెల్లగా ఎత్తి దించితే కుదుపు నిజంగా వస్తుంది. కెమెరాని ఊపితే మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది. సీట్లకి ఆటోనగర్‌లో దొరికే పాత కారు ముందు సీట్లు చాలు. ప్యానెళ్లకి 5 ఎంఎం సన్‌బోర్డ్, మీద ప్రింటు. మ్యాట్ లామినేషనే అడగండి, గ్లాసీ అయితే లైట్లన్నీ అందులో మెరుస్తాయి. తెరలు ఆరు: ఇద్దరికీ రెండేసి, మధ్యలో రెండు. తెరల చోట బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ వేసి, వెనక ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పెట్టి, కుడివైపుకి వేరే స్విచ్ ఇవ్వండి. ఎందుకంటే రెండో ఇంజన్ ఆగగానే ఫస్ట్ ఆఫీసర్ తెరలు ఆరిపోతాయి, కెప్టెన్ ముందున్నవి బతుకుతాయి. విమానం కింద చిన్న గాలి టర్బైన్ బయటికొచ్చి ఆ కాస్త కరెంటు ఇస్తుంది. ఇంధనమే లేనప్పుడు ఏపీయూ (తోకలో కరెంటు ఇచ్చే చిన్న ఇంజన్) కూడా స్టార్ట్ కాదు, కాబట్టి దాని మీద ఆశపెట్టే డైలాగు తీసేయండి.

స్ట్రిప్పులకి డిమ్మర్ పెడితే వీడియోలో గీతలు పడొచ్చు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక గదిలో లైట్లున్నా సెకనుకి 25 ఫ్రేములు, 1/50 షట్టర్‌లో తీస్తే ఫ్లికర్ రాదు. విమానం తిరిగే షాటుకి బయట ఒక లైటుని సర్వి కర్రకి కట్టి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పది సెకన్లలో నడిపించండి, ఎండ జరిగినట్టే ఉంటుంది.

ఇంజన్ చప్పుడు ఠక్కున కోయకండి. నాలుగైదు సెకన్లలో సన్నగిల్లి గాలి హోరు మిగలాలి. అక్కడ సంగీతం వేయకండి.

దిగాక కూడా పని ఉంటుంది. పార్కింగ్ బ్రేక్, టవర్‌కి కబురు, చెక్‌లిస్ట్, ఆ తర్వాత "ఇవాక్యుయేట్" ఆదేశం. ప్రయాణికులు చప్పట్లు కొట్టే షాటు ఉంటే దాన్ని ఇవన్నీ అయ్యాకే వేయండి.