కాలేయపు ఎంజైములు, 6వ పాఠం: ఈ మందును మార్చేది ఏ ఎంజైమ్?

కాలేయాన్ని నూరి, 9,000 జి (భూమ్యాకర్షణకు 9,000 రెట్లు) బలంతో తిప్పి, పైన తేలిన ద్రవాన్ని మళ్లీ 1,00,000 జి వద్ద గంటసేపు తిప్పితే అడుగున మైక్రోసోములు (కణంలోని పొరల చిన్న ముక్కలు) దిగుతాయని గత పాఠంలో చెప్పుకున్నాం. మందులను మార్చే సైటోక్రోమ్ పి450 ఎంజైములు ప్రధానంగా ఉండేది వాటిలోనే. ఒక కొత్త మందును చేతికిస్తే, ఈ ఎంజైముల్లో ఏది దాన్ని మారుస్తున్నదో తేల్చడమే నేటి పని.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీపట్టే రాయగడ, గుణుపురం ఫార్మసీ విద్యార్థులకు ఈ విషయం దూరపుది కాదు. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు మింగించే ప్రైమాక్విన్, కాలేయంలోని పి450 కుటుంబపు 2డి6 అనే ఎంజైమ్ మార్చిన తరువాతనే పనిచేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ మందగించినవారికి మాత్రలన్నీ తప్పక మింగినా జ్వరం తిరగబెట్టవచ్చు. మాత్రలు సరిగా మింగలేదని రోగిని కోప్పడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక లెక్కకు వద్దాం. అంకెలు సాధన కోసం నేను వేసుకున్నవి. ఒక మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల మైక్రోసోమ్ ప్రోటీను, 1 మైక్రోమోలార్ మందు, పీహెచ్ 7.4, వేడి 37 డిగ్రీలు. ఎన్‌ఏడీపీహెచ్ (ఈ ఎంజైములు పనిచేయడానికి ఎలక్ట్రాన్లను అందించే సహాయక అణువు) కలపగానే గడియారం మొదలు. 0, 10, 20, 40 నిమిషాలకు కొంచెం కొంచెం తీసి చల్లని అసిటోనైట్రైల్‌లో వేయాలి. పాలు విరిగినట్టు ప్రోటీను విరిగి, చర్య అక్కడికక్కడే ఆగిపోతుంది. మిగిలిన మందు వరుసగా 100, 71, 50, 25 శాతం ఉందనుకోండి. అర్ధాయువు, అంటే మందు సగమయ్యే సమయం, 20 నిమిషాలు, 0.693ను (2 సహజ సంవర్గమానం) 20తో భాగిస్తే నిమిషానికి 0.0347, దానిని 0.5తో భాగిస్తే 0.0693 మిల్లీలీటర్లు, అంటే మిల్లీగ్రాము ప్రోటీను నిమిషానికి శుద్ధిచేసే ద్రవం సుమారు 69 మైక్రోలీటర్లు.

ఇప్పుడు ఒక్కొక్క ఎంజైమును కట్టేసి చూడాలి. మరో పి450 ఎంజైమ్ 3ఏ4ను ఆపే కెటోకొనజోల్ కలిపితే అర్ధాయువు 80 నిమిషాలకు పెరిగింది, అంటే వేగంలో 75 శాతం పోయింది. 2డి6ను ఆపే క్వినిడిన్‌తో 25 నిమిషాలు, అంటే పోయినది 20 శాతం. 2సి9ను ఆపే సల్ఫాఫెనజోల్‌తో మార్పు లేదు. ఈ నిరోధకాలను మోతాదు మించి వేయడం కొత్తవారు తరచుగా చేసే తప్పు: కెటోకొనజోల్ 1 మైక్రోమోలార్ దాటితే ఇతర ఎంజైములనూ పట్టుకుంటుంది, అప్పుడు వచ్చిన అంకె 3ఏ4 ఒక్కదానిది కాదు. 1ఏ2 కోసం వాడే ఫ్యూరాఫిల్లిన్ తీరు వేరు. మందు వేయకముందే ఎన్‌ఏడీపీహెచ్‌తో కలిపి కొంతసేపు ఉంచితేనే అది ఎంజైమును పూర్తిగా కట్టేస్తుంది.

ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పలేం కనుక, కణాలలో విడివిడిగా తయారుచేసిన ఎంజైములతోనూ అదే మందును పరీక్షిస్తారు. పికోమోల్‌కు 2డి6 నిమిషానికి 2 మైక్రోలీటర్లు, 3ఏ4 కేవలం 0.5 శుద్ధిచేశాయి. 2డి6దే పైచేయి అని రాసేస్తే ఈ పాఠం తప్పినట్టే. మిల్లీగ్రాము మైక్రోసోముల్లో 3ఏ4 108 పికోమోల్‌లు, 2డి6 8 పికోమోల్‌లే ఉన్నాయనుకుంటే, హెచ్చించినప్పుడు 54, 16 వస్తాయి. మొత్తం 70, అందులో 3ఏ4 వాటా 77 శాతం. నిరోధకాలు చెప్పిన 75కు, ముందు కొలిచిన 69కి ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఇలా కలవకపోతే ఫలితాన్ని నమ్మకుండా మొదటి గొట్టం నుంచి మళ్లీ చూసుకోవాలి.

అభ్యాసం: మరో మందుకు అర్ధాయువు 30 నిమిషాలు. ఎన్‌ఏడీపీహెచ్ వేయని గొట్టంలో 60. ఎన్‌ఏడీపీహెచ్‌తో పాటు కెటోకొనజోల్ వేసిన గొట్టంలోనూ 60. పి450 చేసే పనిలో 3ఏ4 వాటా సగమా, మొత్తమా? ఎన్‌ఏడీపీహెచ్ లేకుండానే పోతున్న మందు ఎటు పోతున్నది? కారణాలతో రాసి ఉంచండి. 7వ పాఠం మీ జవాబులోంచే మొదలవుతుంది.