ఇల్లు అమ్మేటప్పుడు దాచినవి ఎక్కడ బయటపడతాయి? సమస్యలు, పరిష్కారాలు

అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం ఏదైనా సరే, అది ఇంట్లో ఉన్నా హక్కులో ఉన్నా ముందే చెప్పి తీరాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 చెప్పేది ఇదే. చెప్పకపోతే చట్టం దాన్ని మోసంగానే చూస్తుంది.

అడ్వాన్సు ఇచ్చినవారు వెనక్కి తగ్గి లాయరు నోటీసు పంపారు

కారణం చాలాసార్లు బ్యాంకు అప్పే. ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పుకు రిజిస్ట్రేషన్ జరగకపోతే ఈసీ శుభ్రంగానే ఉంటుంది. "ఈసీలో లేదు కదా" అని ఊరుకోవద్దు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి లేఖ తీసుకుని, ఆ అంకె అగ్రిమెంటులో రాయించండి. ఆ మేరకు చెక్కు నేరుగా అప్పు ఖాతాకే వెళ్లేలా చూడండి. కాగితాలు విడిపించాకే రిజిస్ట్రేషన్.

ఆడపడుచు అభ్యంతరం చెప్పింది

మా తాతగారు వీలునామా రాయకుండా పోయారు. ఆయన ఇల్లు అమ్మేటప్పుడు మా మేనత్తకు ఎవరూ చెప్పలేదు. కొనేవారి లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగారు. అందులో నాలుగో వరుసలో ఆవిడ పేరు! "పెళ్లికి పెట్టాల్సినవన్నీ పెట్టేశాం కదా" అన్నారు మా పెదనాన్న. ఆయన మనసులో దురుద్దేశం లేదు. కానీ కట్నకానుకలు ఇచ్చినంత మాత్రాన వారసత్వ హక్కు పోదు. తండ్రి వీలునామా లేకుండా చనిపోతే, ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. పిత్రార్జితంలో కూడా 2005 సవరణ ఆమెను కొడుకుతో సమానం చేసింది.

దీనికి మందు రెండు రకాలు: ఆమె కూడా సేల్ డీడ్‌లో సంతకం చేయాలి, లేదా ముందుగా హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాలి. తెల్లకాగితం మీద రాయించుకున్నది చెల్లదు. మేం మొదటి దారి పట్టాం, ఆవిడ వాటా ఆవిడకు ఇచ్చాం. ఆ పని అడ్వాన్సుకు ముందే చేసి ఉంటే ఆవిడ కన్నీళ్లు పెట్టుకునేది కాదు.

మొదటి వానకే గోడ చెమ్మగిల్లింది

బాత్రూం అవతలి గోడ, స్విచ్‌బోర్డు కింద కొత్త రంగు పొక్కులు లేచి, గోటితో గీస్తే పొడిలా రాలుతుంది. అమ్మడానికి రంగు వేయడం తప్పు కాదు. లీకు తెలిసి, దాన్ని కప్పడానికి వేస్తే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ప్రకారం మోసం. కొనేవారు పరిహారం కోరవచ్చు, అమ్మకం రద్దు కోరుతూ దావా కూడా వేయవచ్చు. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అన్న వాక్యం తెలిసి చేసిన మోసాన్ని కాపాడదు.

లీకు ఎక్కడుందో చూపించండి, మరమ్మతు బిల్లు ఇవ్వండి, అవసరమైతే ధర తగ్గించండి. కంటికి కనిపించే పగులు గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు కానీ, అడిగితే మాత్రం తెలిసినంతా నిజం చెప్పాలి.

పాత పన్ను నోటీసు కొత్త యజమానికి వచ్చింది

వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకం తేదీ వరకు ఆస్తి పన్ను బాకీ మీదే. కట్టి రసీదు ఇవ్వండి.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆపేశారు

సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉండి ఉంటుంది. బేరానికి ముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇంటి హక్కుపై కోర్టులో కేసు నడుస్తుంటే అదీ చెప్పాలి, ఎందుకంటే దాని తీర్పుకు కొన్నవారూ కట్టుబడాలి.

చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు చేసి అగ్రిమెంటుకు జత చేయండి. ఒక ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి.