ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ పడిపోతుంటే

ముసురు పట్టిందంటే కోనసీమలో నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే: "ఎంసీబీలన్నీ దించేశానండీ, అయినా ఆర్‌సీసీబీ నిలబడట్లేదు." ఎంసీబీలంటే ఒక్కో లైనునీ విడిగా ఆపే బ్రేకర్లు, ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే పడిపోయే బ్రేకర్. ఇలా పడిపోతుంటే ముందు న్యూట్రల్‌ని అనుమానించండి. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే కట్ చేస్తుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది, అది చెమ్మ గోడలో ఎక్కడో ఎర్త్‌కి తగిలితే లోడ్ లేకపోయినా ఆర్‌సీసీబీ పడిపోవచ్చు.

మెయిన్ ఆపండి, కరెంటు లేదని టెస్ట్ ల్యాంప్‌తో చూసుకోండి. టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్గులు పీకి, ఎల్‌ఈడీ లైట్లు కూడా విప్పేయాలి, లేదంటే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పంపి లీకేజీ చూసే మీటరు) వాటిని కాల్చేయొచ్చు, ఆ డబ్బులు మన జేబులోంచే. ఇప్పుడు న్యూట్రల్ లింకులోంచి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) ఒక్కో వైరూ విప్పి, టేపు చుట్టి నంబరు రాసి, మెగ్గర్‌ని 500 వోల్టుల మీద పెట్టి ఆ వైరుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపించిందే దొంగ. మల్టీమీటర్‌తో సరిపెట్టకండి, దాని చిన్న బ్యాటరీకి చెమ్మ లీకేజీ చాలాసార్లు దొరకదు.

మొన్న ఒకచోట 0.05 మెగాఓమ్ వచ్చింది. పెరటి లైటు జంక్షన్ బాక్సు విప్పితే లోపల కందిరీగల మట్టిగూడు, తడిసి ముద్దయి న్యూట్రల్ జాయింటుకి అంటుకుపోయి ఉంది.

"ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ ఇచ్చేయండి" అంటారు ఇంటివాళ్లు. ఇవ్వకండి. అన్నీ బిగించాక టెస్ట్ బటన్ నొక్కి, పడుతోందో లేదో వాళ్ల ముందే చూపించండి.