కీ ఇచ్చే వాచీ టైం తప్పుతోందా? షాపుకి వెళ్ళే ముందు ఇలా చూడండి

తాతగారి హెచ్‌ఎంటీ బీరువాలోంచి తీసి కట్టుకున్నాక చాలామందికి వచ్చే మొదటి ఫిర్యాదు ఒకటే: టైం సరిగ్గా నిలవట్లేదు, ముందుకో వెనక్కో పోతోంది. వెంటనే విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బజార్లోనో ఏదో ఒక షాపుకి తీసుకెళ్తారు. మెకానిక్ మూత తీసి, వేగం పెంచే, తగ్గించే చిన్న మీటను కొంచెం జరిపి ఇచ్చేస్తాడు. పది రోజులకు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. తప్పు మెకానిక్‌ది అనలేం. ఆ వాచీ ఎప్పుడు, ఎంత, ఎటు తప్పుతోందో మనం చెబితేనే గదా అతనికి తెలిసేది. ఆ వివరం తెలుసుకోవడానికి ఒక వారం, ఒక చిన్న నోటుబుక్కు చాలు.

ముందుగా, ఎంత తేడా వస్తే తప్పు అనాలో చూద్దాం. రోజుకి 86,400 సెకన్లు. హెచ్‌ఎంటీ జనతాలో బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ టైం కొలిచే చిన్న చక్రం, సెకనుకి 5 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకి 4,32,000 దెబ్బలు. రోజులో 30 సెకన్లు తేడా వచ్చిందంటే పదివేల దెబ్బల్లో మూడో నాలుగో తప్పాయన్నమాట. బ్యాటరీ లేకుండా, ఒక స్ప్రింగు బలంతో నడిచే యంత్రం ఇంత కచ్చితంగా ఉండడం చిన్న విషయం కాదు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ అని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా రోజుకి సగటున 4 సెకన్లు స్లో నుంచి 6 సెకన్లు ఫాస్ట్ వరకు ఒప్పుకుంటుంది. మన దగ్గర చాలామంది చేతికి కనిపించే సీకో 5 వాచీల్లో ఎన్నో ఏళ్ళు వాడిన 7ఎస్26 యంత్రానికి కంపెనీ చెప్పిన హద్దు 20 సెకన్లు స్లో నుంచి 40 సెకన్లు ఫాస్ట్. కాబట్టి పాత వాచీ రోజుకి అర నిమిషం లోపు తిరుగుతుంటే దాన్ని కదిలించకండి. నిమిషం దాకా పోతుంటే సరిచేయించవచ్చు. ఐదు, పది నిమిషాలు పోతుంటే అది మీటతో తీరే సమస్య కాదు, కారణం వేరే ఉంటుంది.

మొదటి పని: కీ సరిగ్గా ఇవ్వండి

రోజూ ఒకే వేళకి, పొద్దున్నే అయితే మంచిది, కీ పూర్తిగా ఇవ్వండి. ఇక తిరగదు అని వేలికి తెలిసే దాకా తిప్పి, అక్కడ ఆపేయాలి. ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగిపోతుందని సగంలోనే ఆపేసేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. పూర్తిగా చుట్టడం వల్ల స్ప్రింగుకి ఏమీ కాదు, ఆగిన తర్వాత కూడా బలవంతంగా తిప్పితేనే నష్టం. సగం కీతో నడిచే వాచీకి రాత్రి అయ్యేసరికి బలం తగ్గుతుంది, బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది, టైం మారుతుంది. ఈ ఒక్కటి సరిచేసుకుంటేనే టైం కుదుటపడే వాచీలు చాలా ఉన్నాయి.

ఆటోమేటిక్ అయితే చేతి కదలికే కీ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ చేతికి ఆ కదలిక చాలదు. కీతో కూడా చుట్టే వీలుంటే పొద్దున్న కాస్త చుట్టండి. పైన చెప్పిన సీకో 7ఎస్26కి ఆ వీలు లేదు, వాచీని పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపాలి.

రెండో పని: వారం రోజులు రాయండి

ఫోన్లో టైం ఆటోమేటిక్‌గా సెట్ అయ్యేలా పెట్టుకోండి. ఒకప్పుడు ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తల వేళకి ఇంటిల్లిపాదీ వాచీలు సరిచేసుకునేవారు. ఆ పని ఇప్పుడు ఫోను చేస్తుంది. దాన్ని చూసి వాచీ ఒక్కసారి సెట్ చేయండి. సెట్ చేసేటప్పుడు నిమిషాల ముల్లు సరిగ్గా గీత మీద ఉండగా సెకన్ల ముల్లు 12 మీద ఉండేలా చూడండి. ఎందుకో కింద చెబుతాను. కీ లాగితే సెకన్ల ముల్లు ఆగే వాచీల్లో ఇది తేలిక. ఆగని వాచీల్లో, పాత హెచ్‌ఎంటీలు చాలావరకు ఇలాంటివే, సెకన్ల ముల్లు 12 దాటుతున్న క్షణంలో నిమిషాల ముల్లును గీత మీద పెట్టండి. ఫోన్‌కీ వాచీకీ నడుమ కొన్ని సెకన్లు తేడా మిగిలినా ఫర్వాలేదు, అది రాసుకుంటే చాలు.

ఆ తర్వాత వారం పాటు టైం సరిచేయకూడదు. ఎంత చిరాకు పుట్టినా సరే. రోజూ కీ ఇచ్చే ముందు ఫోన్ పక్కన పెట్టి ఎన్ని సెకన్లు ఫాస్ట్, ఎన్ని స్లో అని రాయండి. వాచీని రాత్రి ఎలా పడుకోబెట్టారో, డయల్ పైకా, కీ కిందికా, అదీ పక్కన రాయండి. పగలు ఏదైనా విశేషం ఉంటే అదీ రాయండి: బండి మీద దూరం వెళ్ళారు, వాచీ కింద పడింది, స్పీకర్ పక్కన పెట్టారు, ఇలాంటివి.

మూడో పని: రాసినది చదవండి

అసలు సంగతి ఇక్కడ తేలుతుంది. తేడా ఎంత అన్నదానికన్నా ఆ తేడా రోజూ ఒకేలా ఉందా లేదా అన్నది ముఖ్యం. మొదటి రోజు 40 సెకన్లు ఫాస్ట్, రెండో రోజుకి 82, మూడో రోజుకి 121 అయితే ఆ యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే. రోజుకి 40 చొప్పున క్రమంగా పోతోంది, మీట జరిపితే సరిపోతుంది. అదే ఒకరోజు 10 ఫాస్ట్, మర్నాడు 50 స్లో, ఆ మర్నాడు సరిగ్గా ఉంటే మీట జరిపి ప్రయోజనం లేదు. లోపల మురికి ఉండాలి, నూనె ఎండిపోయి ఉండాలి, లేదా ఏదో భాగం అరిగి ఉండాలి. అలాంటి వాచీకి కావలసింది పూర్తి సర్వీసింగ్. ఆన్‌లైన్లో కొన్న పాత హెచ్‌ఎంటీల విషయంలో ఇంకో అనుమానం కూడా పెట్టుకోండి. రెండు మూడు వాచీల భాగాలు కలిపి, డయల్‌కి కొత్త రంగు వేసి అమ్మేవి వాటిలో చాలా ఉన్నాయి.

కొత్తగా కీ ఇచ్చినప్పుడు బాగా నడిచి, రాత్రయ్యేసరికి స్లో అయిపోతుంటే స్ప్రింగు బలహీనపడిందో, నూనె చిక్కబడిందో చూడాలి.

చాలామంది గమనించని లోపం ఒకటుంది. సెకన్ల ముల్లు ఫోన్‌తో సరిగ్గా నడుస్తుంటుంది, కానీ నిమిషాల ముల్లు వెనకబడుతుంటుంది. సెట్ చేసినప్పుడు సెకన్ల ముల్లు 12 మీద ఉంటే నిమిషాల ముల్లు గీత మీద ఉంది. మర్నాడు సెకన్ల ముల్లు 12 మీదికి వచ్చినప్పుడు నిమిషాల ముల్లు రెండు గీతల మధ్యన కనిపిస్తే, యంత్రం బాగానే ఉంది, ముళ్ళను తిప్పే చిన్న గొట్టం పట్టు సడలి జారుతోందన్నమాట. దాన్ని మెకానిక్కులు కానన్ పినియన్ అంటారు. ఆ పట్టు బిగించాలి. ఇది తెలియక మీటను ఎంత ఫాస్ట్ వైపు తోసినా వాచీ దారికి రాదు, పైగా బాగున్న యంత్రం కూడా టైం తప్పుతుంది.

ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ఫాస్ట్ అయితే

నిన్నటిదాకా బాగున్న వాచీ ఇవాళ పది నిమిషాలు ముందుకు పోతే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపేది వెంట్రుక అంత సన్నటి హెయిర్ స్ప్రింగు. దానికి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు పనిచేసే పొడవు తగ్గుతుంది, గోడగడియారం లోలకాన్ని పొట్టి చేసినట్టు, వేగం పెరుగుతుంది. ఇప్పుడు మన చుట్టూ అయస్కాంతాలే: ఫోన్ కవర్ మూత, హ్యాండ్‌బ్యాగ్ బొత్తాం, ఇయర్‌బడ్స్ డబ్బా, బ్లూటూత్ స్పీకరు, ట్యాబ్ కవరు, కారులో ఫోను పెట్టుకునే అయస్కాంతం హోల్డరు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ దగ్గర కూడా వాచీ తీసి పక్కన పెట్టండి.

పరీక్ష సులువే. చిన్న దిక్సూచి దగ్గరికి వాచీని మెల్లగా తీసుకెళ్ళండి. ముల్లు గట్టిగా అటూ ఇటూ ఊగిందంటే అయస్కాంతం పట్టినట్టే. దీనికి వాచీ మూత కూడా తీయనక్కర్లేదు. అయస్కాంతం వదిలించడానికి డీమాగ్నటైజర్ అనే చిన్న పెట్టె ఉంటుంది, రిపేరు షాపుల్లో చాలావరకు పెట్టుకుంటారు. బటన్ నొక్కి, వాచీని దాని మీద పెట్టి, బటన్ వదలకుండా నెమ్మదిగా ఒక అడుగు దూరం వరకు పైకి తీసి, అప్పుడు వదలాలి. వాచీ పెట్టె మీద ఉండగానే బటన్ వదిలితే అయస్కాంతం మళ్ళీ ఎక్కవచ్చు. షాపులో చేయిస్తుంటే కూడా దగ్గరుండి చూడండి.

రాత్రి పడుకోబెట్టే తీరు

తేడా పది, ఇరవై సెకన్లే అయితే షాపు గడప ఎక్కకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. డయల్ పైకి పెట్టి పడుకోబెట్టినప్పుడు ఒక వేగం, కీ కిందికి పెట్టి నిలబెట్టినప్పుడు ఇంకో వేగం ఉంటుంది. చాలా వాచీలు నిలబెట్టినప్పుడు కొంచెం స్లో అవుతాయి, అయినా మీ వాచీ సంగతి మీ నోటుబుక్కే చెప్పాలి. పగలు ఫాస్ట్ అయ్యే వాచీని రాత్రి స్లో అయ్యే తీరులో ఉంచితే పొద్దుటికి లెక్క సరిపోతుంది.

మన ఎండలు, చెమట, మిరప ఘాటు

ఎండకి వాచీ స్లో అవుతుందని పెద్దలు అనడం వినే ఉంటారు. పాత ఉక్కు స్ప్రింగుల కాలంలో అది నిజమే. ఆ బాధ తీర్చిన నికెల్ ఉక్కు మిశ్రమాల మీద పరిశోధనకే స్విస్ శాస్త్రవేత్త షార్ల్ గియోమ్‌కి 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఎండ వల్ల అసలు నష్టం నూనెకి. మే నెలలో బెంజిసర్కిల్ దగ్గర పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద వాచీ వదిలేస్తే లోపలి నూనె పలచబడి, చేరకూడని చోటికి పాకుతుంది. అక్కడి నుంచి టైం తప్పడం మొదలవుతుంది.

విజయవాడ ఉక్కపోతలో చెమట కీ పక్కనుంచి లోపలికి దిగుతుంది. సాయంత్రం తీసి మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు, కళ్ళాల్లో మిరప ఎండబెట్టేవాళ్ళు పాత వాచీని పనిలో కట్టుకోకపోవడమే మంచిది. ఆ సన్నటి దుమ్ము వదులైన మూతలోంచి లోపలికి పోతుంది. అద్దం కింద ఆవిరి కనిపిస్తే బియ్యంలో పెట్టడం, ఎండలో పెట్టడం వద్దు. తుప్పు పట్టక ముందే, ఆ రోజే మూత తీయించండి.

షాపులో ఏం అడగాలి

నోటుబుక్కు తీసుకెళ్ళి చూపించండి. "రోజూ 40 సెకన్లు ఫాస్ట్, ఒకేలా ఉంది" అంటే మెకానిక్‌కి సగం పని అయిపోయినట్టే. వాచీ వేగం కొలిచే టైమింగ్ మెషిన్ ఉంటే వాచీని దాని మీద పెట్టించి, డయల్ పైకి ఉంచి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. అందులో ఆంప్లిట్యూడ్ అనే అంకె కనిపిస్తుంది, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పేది అదే. పూర్తి కీ మీద, డయల్ పైకి ఉన్నప్పుడు 270 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. 200కి దగ్గరలో ఉంటే మీట జరపవద్దనండి, సర్వీసింగ్ చేయించండి.

సర్వీసింగ్ అంటే ఏమిటో కూడా ముందే అడగండి. ప్రతి భాగం విప్పి, కడిగి, ఆరబెట్టి, తగిన చోట తగిన నూనె వేసి బిగించడం సర్వీసింగ్. విప్పకుండా యంత్రం మొత్తాన్ని పెట్రోల్లో ముంచి, పైన ఒక చుక్క నూనె వేయడం కాదు. రెండోది చవక, రెండు నెలలు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత మురికి నూనెతో కలిసి భాగాలను అరగదీస్తుంది. భాగం ఏదైనా మారిస్తే పాతది తిరిగి ఇమ్మనండి. హెచ్‌ఎంటీ పాత యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఆ యంత్రాలకు ఒరిజినల్ భాగాలు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. మంచి భాగాన్ని ఎవరూ తేలిగ్గా వదులుకోకూడదు.

మూత ఇంట్లో మీరే తీయాలని ఉంటే, ముందు పనికిరాని వాచీ మీద చేయి తిప్పుకోండి. చాలా వాచీల్లో బ్యాలెన్స్ మీద రెండు మీటలు ఉంటాయి. ఫాస్ట్, స్లో గుర్తులున్న దాన్నే, వెదురు పుల్ల కొసతో వెంట్రుకవాసి జరపాలి. రెండోది టిక్ టక్ సమానంగా ఉండేలా పెట్టినది, దాన్ని ముట్టుకోవద్దు. ఇనుప పనిముట్టు జారి హెయిర్ స్ప్రింగుకి తగిలితే, దాన్ని సరిచేయగల చేతులు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళల్లోనూ కొద్దిమందికే ఉన్నాయి.

షాపు నుంచి వచ్చాక మళ్ళీ వారం రాయండి. మెషిన్ మీద సరిగ్గా ఉన్నది చేతికి కట్టుకుంటే కొంత మారుతుంది, ఎందుకంటే మెషిన్ మీద వాచీ కదలకుండా ఉంటుంది, మీ చెయ్యి అలా ఉండదు. ఆ కొత్త అంకెలతో ఇంకోసారి వెళ్ళి, ఇంకొంచెం జరపమనండి. మంచి మెకానిక్ ఎవరూ దీనికి విసుక్కోరు.