పెళ్లి స్టేజికి డ్రమ్ ర్యాక్: చేతికి తగ్గట్టు కట్టుకోవడం ఎలా?

డ్రమ్ ర్యాక్ అంటే ఏబుల్‌టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ప్యాడ్‌కు ఒక్కో సౌండ్ తగిలించే పెట్టె. అందులో సౌండ్లు నింపడం పెద్ద పని కాదు. స్టేజి మీద ప్యాడ్ కోసం కళ్లతో వెతుక్కోకుండా వాయించేలా పేర్చుకోవాలి, అసలు పనంతా అక్కడే. నేను పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయిస్తాను. ల్యాప్‌టాప్‌లో ఏబుల్‌టన్ లైవ్, ముందు 16 ప్యాడ్ల బోర్డు, ఇంతే నా సరంజామా.

ముందుగా ఖాళీ మిడి ట్రాక్ (ఏ ప్యాడ్ ఎంత గట్టిగా కొట్టారో చెప్పే సంకేతాలు అందుకునే ట్రాక్) మీదికి డ్రమ్ ర్యాక్ లాగి వదలండి. తెర మీద కింద ఎడమ మూల ప్యాడ్ సీ1, అంటే మిడి నోట్ 36. మీ బోర్డు కూడా అదే మూల ప్యాడ్‌తో మొదలై 36, 37, 38 అంటూ వరుసగా నోట్లు పంపుతోందో లేదో చూసుకోండి. కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) అక్కడే పెట్టండి.

ఇక తీన్మార్. డప్పు వాయించేవాళ్ల చేతిలో పొట్టి చిర్ర ఒకటి, సన్నని చిటికెన పుల్ల ఒకటి ఉంటాయి. చిర్ర దెబ్బ బరువు, పుల్ల దెబ్బ చురుకు. కాబట్టి ఈ రెండు సౌండ్లూ పక్కపక్కన ఇరికించకండి. చిర్ర కుడిచేతి కిందికి, పుల్ల ఎడమచేతి కిందికి రావాలి. డప్పును మంట దగ్గర కాచి, చర్మం బిగిశాక రికార్డు చేయండి. ఒక్కో దెబ్బ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలుగా తీసుకోండి. ఆ ప్యాడ్ లోపల ఇన్‌స్ట్రుమెంట్ ర్యాక్ (మూడు రికార్డింగులనూ కలిపి పెట్టే పెట్టె) పెట్టి వెలాసిటీ (దెబ్బ బలం) జోన్లు 1–50, 51–95, 96–127గా పంచితే, బోర్డు మీద దెబ్బ పెరిగేకొద్దీ డప్పు గొంతే మారుతుంది. ఒకే శాంపిల్‌ను (రికార్డు చేసిన దెబ్బను) వాల్యూమ్ పెంచి తగ్గిస్తే ఆ ప్రాణం రాదు.

ప్యాడ్‌లోని శాంపిల్‌ను పలికించే ప్రతి సింప్లర్‌నీ వన్-షాట్‌లో, ట్రిగర్ మీద ఉంచండి. గేట్ పెడితే వేలు ఎత్తగానే మోత తెగిపోతుంది. తెరిచిన హైహ్యాట్‌నీ (డ్రమ్ సెట్‌లోని జంట పళ్లేల తాళం) మూసిన హైహ్యాట్‌నీ ఒకే చోక్ గ్రూపులో వేయండి, ఒకటి పలికితే రెండోది ఆగుతుంది. చిర్ర, పుల్లలను మాత్రం ఏ గ్రూపులోనూ కలపొద్దు. ఆ రెండు మోతలూ ఒకదాని మీద ఒకటి పడితేనే తీన్మార్ ఊపు.

మ్యాక్రోలు (ర్యాక్ మీద తిప్పే నాబ్‌లు) రెండు చాలు: డప్పు వాల్యూమ్, రివర్బ్ (ప్రతిధ్వని). హాల్‌లో గోడలే మోగుతుంటే రివర్బ్ పూర్తిగా తగ్గించేయండి.

బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పంపే సౌండ్ ముక్క) 128 శాంపిళ్లు పెట్టండి, ఇక్కడ శాంపిల్ అంటే సౌండ్‌లో అతి చిన్న కొలత. 44.1 కిలోహెర్ట్జ్‌లో అది సుమారు 3 మిల్లీసెకన్లు, సౌండ్ కార్డు ఆలస్యం దానికి అదనం. చిటపటలు వస్తే 256కి వెళ్లండి. విండోస్ అయితే సౌండ్ కార్డు సొంత ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) తప్పనిసరి. బయల్దేరేముందు ‘కలెక్ట్ ఆల్ అండ్ సేవ్’ (వాడిన సౌండ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చే ఆప్షన్) నొక్కి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి.

సౌండ్ చెక్‌లో కిక్‌ను వేరే అవుట్‌పుట్‌లో ఇవ్వండి. మిక్సర్ దగ్గరున్న అన్నకు ముందు మీ గట్టి దెబ్బే వినిపించండి. మెల్లని దెబ్బకు గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే సౌండ్‌ను పెంచే నాబ్) పెట్టేస్తే, బరాత్ పాట ఎత్తుకోగానే స్పీకర్లు చీలినట్టు అరుస్తాయి.