రక్తం ఎక్కించే ముందు: గ్రూపు కలిస్తే చాలదు

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో అందరికీ దాతల గురించే టెన్షన్. దాత దొరికితే సగం భారం దిగినట్టుంటుంది. కానీ అంతకంటే ముందు డాక్టరుకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. రోగికి ఇదివరకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఆడవాళ్లయితే ఎన్ని కాన్పులు, ఎన్ని అబార్షన్లు అయ్యాయి? ఇరవై ఏళ్ల నాటి మాటైనా సరే, చెప్పి తీరాలి.

ఎందుకంటే మనకు తెలిసిన ఏ, బి గ్రూపులతో పాటు ఎర్ర కణాల మీద ఆర్‌హెచ్, కెల్, కిడ్ లాంటి గుర్తులు ఇంకా చాలా ఉంటాయి. వేరేవాళ్ల రక్తం ఎక్కినప్పుడో, కడుపులో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినప్పుడో, వాటికి విరుద్ధంగా యాంటీబాడీలు, అంటే ఆ గుర్తులున్న కణాలపై దాడి చేసే ప్రొటీన్లు, పుట్టవచ్చు. వీటిలో కొన్ని, ముఖ్యంగా కిడ్ యాంటీబాడీలు, కొంతకాలానికి పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి. అప్పుడు క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగికి సరిపడుతుందా అని చూసే పరీక్ష) బాగానే వస్తుంది. అదే గుర్తున్న రక్తం మళ్లీ ఎక్కితే మాత్రం ఒంట్లో అవి గబగబా పెరిగి, ఎక్కించిన కణాలను పగలగొడతాయి. జ్వరం, పచ్చబడిన కళ్లు, ముదురు రంగు మూత్రం, మళ్లీ పడిపోయిన హిమోగ్లోబిన్ కనిపించేది ఇంటికొచ్చాక, వారం పది రోజులకు. మామూలు కామెర్లే అనుకుని పసరు మందుకు పరుగెత్తకండి. ఆస్పత్రికి వెళ్లి, రక్తం ఎక్కించారన్న మాట ముందు చెప్పండి.

అందుకే యాంటీబాడీ ఉందని రాసిన రిపోర్టును పారేయకూడదు. ఆస్పత్రి మారినా, ఊరు మారినా అది వెంట ఉండాలి. యాంటీబాడీ స్క్రీనింగ్ అన్నిచోట్లా మామూలుగా చేయరు కాబట్టి, చేస్తారా అని అడగండి. తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే థలసీమియా పిల్లలకైతే మొదటిసారి రక్తం ఎక్కించకముందే వివరంగా గ్రూపింగ్ చేయించాలి. తర్వాత దాతల కణాలు కలిసిపోయి, బిడ్డ సొంత కణాలేవో తేల్చడం కష్టమవుతుంది.

భార్యకు భర్త రక్తమిస్తే మేలని చాలామంది అనుకుంటారు. బిడ్డల్ని కనే వయసులో అది మంచిది కాదు. భర్త కణాల మీదున్న గుర్తులకు ఆమెలో యాంటీబాడీలు పుడితే, తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల రక్తాన్నైతే రేడియేషన్ ఇచ్చాకే వాడాలి. లేకపోతే అరుదుగానైనా దాత తెల్లకణాలు రోగి శరీరం మీదే దాడి చేస్తాయి. ఇంట్లోవాళ్లు వేరేవాళ్ల కోసం ఇచ్చి, బ్లడ్ బ్యాంకు నుంచి మరో బ్యాగు తీసుకోవడమే మంచి దారి.

‘ఓ’ నెగటివ్ గ్రూపు అందరికీ పనికొస్తుందన్నది ఎర్ర కణాల వరకే. ‘ఓ’ గ్రూపు ప్లాస్మాలో (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) ఏ, బి లకు రెండింటికీ యాంటీబాడీలుంటాయి. ప్లాస్మా విషయంలో అందరికీ పనికొచ్చేది ఏబీ.

ప్రాణం తీసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించడం వల్లే. శాంపిల్ తీసిన ట్యూబు మీద పేరు మంచం పక్కనే రాయాలి. బ్యాగు తగిలించే ముందు పేరు, ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన ఐపీ నంబరు, గ్రూపు, బ్యాగు నంబరు, గడువు తేదీ సిస్టర్‌తో కలిసి చూడండి. అడగడానికి మొహమాటపడొద్దు. బ్యాగు చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టకండి, కణాలు పగిలిపోతాయి.

మొదటి 15 నిమిషాలు పక్కనుంచి కదలకండి. వణుకు, నడుము నొప్పి, ఛాతీలో బిగుతు, ఆయాసం, దద్దుర్లు, ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌ని పిలిచి రక్తం ఆపమని చెప్పండి. ఆయాసం ఎక్కించాక ఆరు గంటల లోపు వచ్చినా చెప్పాలి. దాత ప్లాస్మాలోని యాంటీబాడీల వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండవచ్చు. ఆపేసిన బ్యాగును పారేయనివ్వకండి, బ్లడ్ బ్యాంకు వాళ్లకు పరీక్షకు అదే కావాలి.